పసుపు పట్టిన ట్యూనా

పెట్టె మీద టేపు రెండోసారి అతికించి ఉంది.

గీత గుమ్మంలోంచే అది చూసింది. బజారు నుంచి తెచ్చిన సంచులు కింద పెట్టకుండా నేరుగా ఆ థర్మకోల్ పెట్టె దగ్గరికి వెళ్లింది. హైదరాబాదు చేపల దుకాణం వాళ్లు వేసే టేపు తెల్లగా ఉంటుంది. ఇప్పుడు దాని మీద ఖాకీ రంగు టేపు వంకరగా అతికించి ఉంది.

"అమ్మా, పెట్టె తెరిచినవా?"

లోపల రూతమ్మ ఉల్లిగడ్డలు కోస్తోంది. "తెరిచిన. మల్ల మూసిన. ఏమైంది?"

గీత టేపు పీకి మూత తీసింది. లోపల ఐసు సగానికి పైగా అలాగే ఉంది. ఐసు మీద ఒక కవరు. కవరులో రెండు కిలోల ట్యూనా. రాత్రి దుకాణం వాళ్లు ఫోటో పంపినప్పుడు అది ఒకటే దిమ్మ, పుచ్చకాయ గుజ్జులా ఎర్రగా ఉంది. ఇప్పుడు పులుసు ముక్కలయింది. ప్రతి ముక్కకూ పసుపు పట్టించి ఉంది.

గోడ గడియారంలో పదీ నలభై. ఒంటిగంటకు కారు వస్తుంది.

ఆ కారులో ఇద్దరు వస్తున్నారు. కొత్తకోట హైవే మీద కొత్తగా పెట్టిన సోలార్ పలకల ఫ్యాక్టరీలో ఆఫీసు పనులు చూసే అర్చన ఒకరు. అక్కడి జపాన్ ఇంజినీర్లకు పెద్ద అయిన తనాబే ఇంకొకరు. పద్నాలుగు మంది ఇంజినీర్లు వనపర్తి గెస్ట్ హౌసులో ఉంటారు. వాళ్లకు ఒక వంటమనిషి, ఒక సహాయకురాలు కావాలి. పోయిన నెల వంటాయన పెట్టిన చేప తిని ఇద్దరు దవాఖాన పాలయ్యారు. అందుకే తనాబే ఈసారి ఒక పద్ధతి పెట్టాడు. వంటమనిషి ఎవరైనా సరే, వాళ్ల ఇంటికే వస్తాడు. వాళ్ల వంటింట్లోనే పోకే బౌల్ చేయించి తింటాడు. చేప మాత్రం కంపెనీయే పంపుతుంది.

గీత బెంగళూరులో ఒక జపాన్ హోటలు వంటింట్లో మూడేళ్లు పనిచేసింది. పోకే బౌల్ ఆమెకు కొత్త కాదు. వెనిగరు కలిపిన మెత్తటి అన్నం, దాని మీద సోయా సాసులో, నువ్వుల నూనెలో కలిపిన పచ్చి సముద్రపు చేప ముక్కలు, పక్కన కీరదోస, అల్లం, నువ్వులు. రోజుకు ఎనభై గిన్నెలు చేసేది.

ఈ పని దొరికితే తల్లీకూతుళ్లిద్దరూ గెస్ట్ హౌసు వెనక గదిలో ఉండొచ్చు. దొరక్కపోతే సోమవారం కూలీలను తీసుకుపోయే మేస్త్రీ తిరుపతయ్య బండి పుణె బయల్దేరుతుంది. అందులో ఇద్దరి పేర్లూ ఉన్నాయి. రూతమ్మ పదిహేనేళ్లుగా పుణెలో ఇటుకలు మోసింది. ఈ వేసవిలో డాక్టరు ఆమె నడుము ఎక్స్‌రే చూసి, ఇక బరువు ఎత్తొద్దని చెప్పాడు.

"తెరవొద్దని చెప్పిన గద!" అంది గీత.

"చెప్పినవ్. సల్లదనం పోతదని గావొచ్చు అనుకున్న. చుట్టాలొస్తుంటే చాప కడగకుండ పెడ్తరా ఎవరన్న? నీచు వాసన. కల్లుప్పు, పసుపు ఏసి మూడు నీళ్లు కడిగిన. మల్ల ఐసు మీదనే పెట్టిన గద."

"ఎంతసేపు బయటున్నది?"

"ఎంతసేపు? కడిగినంత సేపు."

"అంటే?"

"పది నిమిషాలు. గంత పరేషాన్ ఎందుకే?"

గీత ఒక ముక్క తీసి రెండు వేళ్ల మధ్య వంచింది. అది వంగలేదు. అంచులు గట్టిపడి, గోధుమ రంగుకు తిరిగాయి. బెంగళూరులో పెద్ద వంటాయన చేపకు ఉప్పు రాసి గడియారం చూసేవాడు. పది నిమిషాలకు ముక్క మీద తడి వస్తుంది. అరగంటకు పైపొర బిగుస్తుంది. ముక్క ఇంత బిగియాలంటే గంట కన్నా ఎక్కువ పట్టాలి.

కవరు మూసి పెరట్లోకి నడిచింది. నల్లా పక్కన బండ మీద స్టీలు బేసిన్ బోర్లించి ఉంది. కడిగిందే, కానీ అంచు కింద పసుపు గీత మిగిలింది. గోరుతో గీకితే పొడిలా రాలింది. బండ మీద గుండ్రటి పసుపు మరక కూడా ఎండి పగుళ్లు బారింది. పక్కనే ఒక వెదురు గంప.

గంప ఎందుకు? పది నిమిషాల కోసం చేప మీద గంప బోర్లించరు. కాకులు, పిల్లులు రాకుండా ఎక్కువసేపు వదిలేసే వాళ్లే బోర్లిస్తారు.

పక్కింటి రాములమ్మ గోడ మీదుగా చూస్తోంది. "ఏందే పోలీసోళ్ల లెక్క తిరుగుతున్నవ్?"

"అత్తా, అమ్మ చాప ఎప్పుడు కడిగింది?"

"నల్లా వచ్చినప్పుడు. నాకు బిందె పెట్టుకుందమంటే జాగ ఇయ్యలే. ఇంత పెద్ద చాప ఏసుకొని కూసున్నది. ఎర్రగున్నది, మేక మాంసమా అని గూడ అడిగిన."

నల్లా ఎనిమిదింటికి వస్తుంది. ఎనిమిదిన్నరకు పోతుంది. అందులో అనుమానం లేదు. బస్సు పార్శిలు ఏడున్నరకే దిగింది.

"మల్ల లోపలికి ఎప్పుడు తీస్కపోయింది?"

"అది నాకేం ఎరుక? నేను చర్చి కాడికి పోయిన. ఏమైందే? పిల్లి దిన్నదా?"

"పిల్లి దిన్నా బాగుండు."

గీత లోపలికి వచ్చింది. రూతమ్మ కత్తిపీట వదిలి నిలబడింది.

"అమ్మా, నల్లా వచ్చినప్పుడు కడిగినవ్. అది ఎనిమిది. మల్ల ఐసు మీద పెట్టింది ఎప్పుడు?"

"అప్పుడే పెట్టిన అంటున్న గదనే. పది నిమిషాలే."

గీత తల్లి ముఖం చూసింది. రూతమ్మ ఉప్పు ఎక్కువైందన్నా, బస్సు పోయిందన్నా ప్రతి మాటకూ 'ప్రభువు తోడు' అని జోడిస్తుంది. ఇప్పుడు ఆ మాట రాలేదు. కళ్లు పెట్టె వైపు కూడా తిరగలేదు.

గీత మళ్లీ అడగలేదు. అడిగితే ఆ పది నిమిషాలు పదిహేను అవుతాయి, ఇరవై అవుతాయి. ఈలోపు గంట పోతుంది. వేసవి ఎండలో, ఐసు లేకుండా ట్యూనా గంట దాటి ఉంటే ఏం చేయాలో బెంగళూరులో మొదటి వారమే నేర్పారు. ఇలాంటి ఎర్ర కండ చేపలో ఒక విషం పుడుతుంది. దానికి వాసన ఉండదు. రుచి మారదు. తిన్న కాసేపటికి ముఖం కందిపోతుంది, గుండె దడదడ కొట్టుకుంటుంది. ఒక్కోసారి మనిషిని దవాఖానకు మోయాలి. అన్నిటికన్నా పెద్ద చిక్కు, ఆ విషం వండినా పోదు.

ఆమె కవరు తీసుకుని మళ్లీ పెరట్లోకి నడిచింది. పార అందుకుంది.

"ఏం జేస్తున్నవే!" రూతమ్మ వెంట పరుగెత్తింది. "రెండు కిలోలు! మనం పులుసు పెట్టుకుందం. వాళ్లకు వద్దంటే మనమన్న తిందం."

"పులుసు పెట్టినా పోదు."

"నువ్వు పుట్టకముందు నుంచి చాపలు వండుతున్న నేను. కడిగిన చాప విషమైతదా ఎన్నడన్న?"

"కడిగినందుకు గాదమ్మా. ఎండల పెట్టినందుకు."

మోకాలి లోతు గుంత తవ్వి, కుక్కలు తీయకుండా పైన రాళ్లు పేర్చింది. రూతమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని చూసింది. కంపెనీ పంపిన చేప. అర్చన రాత్రి ఫోనులో రెండుసార్లు చెప్పింది, ఇంకోటి తెప్పించడానికి టైం లేదని.

పదకొండూ పది.

వీధిలో టీవీఎస్ బండి హారను మోగింది. బుచ్చన్న శనివారాలు కృష్ణ ఒడ్డు నుంచి చేపలు తెచ్చి కొల్లాపూర్ వాడల్లో అమ్ముతాడు. వెనక నీళ్ల డ్రమ్ములో చేపలు బతికే ఉంటాయి.

"బుచ్చన్న మామా, ఆగు! ఏమున్నయ్?"

"కొర్రమట్టలు." అతను డ్రమ్ములో చేయి పెట్టి ఒకదాన్ని పైకి లాగాడు. నల్లగా, పాములా పొడుగ్గా ఉన్న చేప తోక విసిరి అతని చొక్కా తడిపింది. "సూడు, నాతోనే కొట్లాడుతుంది. ఏంది, జపాన్ సార్లొస్తున్నరంట? పచ్చి చాప దింటరంట గద. పొయ్యి గూడ అక్కర్లేదు మీకు."

"తీస్కో గీతా," అంది రూతమ్మ ఆశగా. "పానంతోని ఉన్నది. దీనికన్న తాజాది దొరకదు. కోసి పచ్చిదే పెట్టు. ఏ చాపనో వాళ్లకేం తెలుస్తది?"

"నది చాప పచ్చిది పెట్టొద్దమ్మా. దాంట్ల పురుగు గుడ్లుంటయ్, కండ్లకు గనపడయ్."

బుచ్చన్నకు కోపం వచ్చింది. "మా కృష్ణ చాపకు పురుగులా? హైదరాబాదు నుంచి ఐసుల చచ్చి వచ్చింది మంచిదా, ఎగురుతున్నది చెడ్డదా? బెంగళూరు పోయొస్తె గింత తెలివొస్తదా!"

"నీ చాప మంచిదే మామా. కాలుస్త. జపానోళ్లు గూడ నది చాప అంటే కాల్చుకునే తింటరు. మూడు ఇయ్యి, పెద్దయి."

అది నిజమే. బెంగళూరు వంటింట్లో వారానికి ఒకరోజు పాము చేప వచ్చేది. దాన్ని నిలువునా చీల్చి, పుల్లలకు గుచ్చి, సోయా సాసూ చక్కెరా పూస్తూ నిప్పుల మీద కాల్చి అన్నం మీద పరిచేవారు. కొర్రమట్టతో ఎవరూ చేయగా ఆమె చూడలేదు. చేయకూడదని కూడా ఎవరూ చెప్పలేదు.

"అమ్మా, ఇవి కడగాలె. మంచిగ."

రూతమ్మ ఒక్క క్షణం కూతురి ముఖం చూసింది. వెక్కిరిస్తుందేమో అనుకుంది. గీత అప్పటికే బియ్యం దగ్గరికి వెళ్లిపోయింది.

కొర్రమట్టను బాగు చేయడం అందరికీ రాదు. జిగట వదలదు, చేతిలో నిలవదు. రూతమ్మ పొయ్యిలో బూడిద తెచ్చి, గరుకు బండ మీద తోక పట్టుకుని రుద్దింది. నలుపంతా వదిలి చేప తెల్లబడింది. అరగంటలో మూడూ అయ్యాయి. గీత వాటిని వెన్ను వెంట చీల్చి ముళ్లు తీసింది, అమ్మ ఎండుమాంసం కాల్చే ఇనుప సువ్వలకు గుచ్చింది.

అన్నం దగ్గర ఇంకో గొడవ. గీత తెచ్చింది ఈ పంట కొత్త బియ్యం. వండితే ముద్దగా అంటుకుంటుంది.

"గిదేందే?" అంది రూతమ్మ. "పాత బియ్యం డబ్బాల పెట్టుకొని, వచ్చినోళ్లకు అంటుకునే బువ్వ పెడ్తవా? ఇజ్జత్ పోతది."

"అంటుకోవాల్నే. గంజి వార్చకు. గట్లనే ఉండనియ్."

వెనిగరు, చక్కెర, ఉప్పు కలిపి వేడి అన్నం మీద చల్లింది. అర్చన పంపిన జాబితాలో లేని బెల్లం తీసి సోయా సాసులో కరిగించింది. అల్లం రసం కలిపి పాకం దగ్గర పడేదాకా మరిగించింది. బొగ్గులు రాజేసింది. చేప ఒకవైపు కాలాక పాకం పూసి తిప్పింది. మళ్లీ పూసింది. ముక్క మధ్యలో కత్తి మొన గుచ్చి, లోపల ఎక్కడా పచ్చి మెరుపు లేదని చూసుకుంది. కీరదోస పలచగా తరిగి ఉప్పు చల్లి పిండింది. కొల్లాపూర్ మామిడి సగం పండింది దొరికితే చిన్న ముక్కలు కోసింది. నువ్వులు వేయించింది.

ఒంటిగంటకు అయిదు నిమిషాలు తక్కువగా ఉన్నప్పుడు కారు వచ్చింది.

తనాబేకు యాభై దాటి ఉంటాయి. గుమ్మం దగ్గర బూట్లు విప్పి, ముందు వంటింట్లోకి వెళ్లాడు. కత్తి చూశాడు. చేతులు కడుక్కునే చోటు చూశాడు. ఖాళీ థర్మకోల్ పెట్టె మూత ఎత్తి చూసి, మూసేశాడు.

గీత మూడు స్టీలు గిన్నెలు తెచ్చి పెట్టింది. తనాబే గిన్నెలోకి చూశాడు. ఇంగ్లీషులో నెమ్మదిగా అన్నాడు, "ఇది పోకే కాదు."

"కాదు సార్."

అర్చన గద్వాల మనిషి. ఫ్యాక్టరీలో ఎంత ఇంగ్లీషు మాట్లాడినా, కోపం వస్తే సొంత మాట వచ్చేస్తుంది. "గీతా, ఏందిది? ట్యూనా పంపినం గద. పార్శిల్ ముట్టిందని నువ్వే మెసేజ్ పెట్టినవ్."

"ముట్టింది మేడం."

"యాడుంది?"

"పూడ్చిన."

"పూడ్చినవా?" అర్చన గొంతు పెరిగింది. "రెండు కిలోల ట్యూనా ధర తెలుసా నీకు? నిజం చెప్పు. ఎవరికన్న అమ్ముకున్నవా?"

గోడ అవతల రాములమ్మ గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"అమ్ముకోలే మేడం. పెరట్ల ఉంది, తవ్వి చూసుకోండ్రి. ఐసు మీది నుంచి తీసి బయట పెట్టినం. తప్పు మాదే. పచ్చిది పెట్టరాదు, వండి గూడ పెట్టరాదు."

అర్చన ఆ మాట ఇంగ్లీషులో చెప్పింది. తనాబే అడిగాడు, "ఎంతసేపు బయట ఉంది?"

"సరిగ్గ తెల్వదు సార్."

"తెలియకుండానే పూడ్చిపెట్టావా?"

"తెలిస్తే లెక్క చూసుకుందును. తెల్వదు గనకనే పూడ్చిన."

తనాబే లేచి పెరట్లోకి వెళ్లాడు. రాళ్లు తానే తొలగించాడు. పారతో రెండు పోట్లు పొడిచేసరికి పసుపు ముక్క కనిపించింది. వంగి చూసి, "ఈ రంగు ఏమిటి?" అన్నాడు.

రూతమ్మ అప్పటిదాకా తలుపు చాటునే ఉంది. ఇప్పుడు బయటికి వచ్చింది.

"మేడం, సారుకు చెప్పు. అది పసుపు. పెట్టింది నేను. పిల్ల వద్దన్నది, నేనే తెరిచిన. ఎనిమిదింటికి నల్లా వచ్చినప్పుడు కడిగి, ఉప్పు పట్టిచ్చి, గంప కింద పెట్టిన. ఉప్పు లోపలికి పోవాలె గద. పది దాటినంక పిల్ల బస్సెక్కిన అని ఫోన్ జేసింది. అప్పుడు యాదికొచ్చింది తెరవొద్దన్న మాట. ఉరికిపోయి ఐసు మీద పెట్టిన. పిల్లకు పది నిమిషాలే అని అబద్ధం చెప్పిన. రెండు గంటలు ఉన్నది. ప్రభువు తోడు."

గీత తల్లి వైపు చూడలేదు. పార తీసుకుని గుంత మళ్లీ పూడ్చింది.

అర్చన అంతా ఇంగ్లీషులో చెప్పింది. 'నల్లా'కూ 'గంప'కూ చేతులతో సైగలు చేయాల్సి వచ్చింది. తనాబే వింటూ రెండుసార్లు తల ఊపాడు. తర్వాత చేతులు కడుక్కుని వచ్చి గిన్నె ముందు కూర్చున్నాడు.

చేప ముక్క తుంచి చూశాడు. తిన్నాడు. అన్నం తిన్నాడు. సగం గిన్నె అయ్యాక అర్చనతో ఏదో అన్నాడు.

"అన్నం ఏ బియ్యం అని అడుగుతుండు," అంది అర్చన.

రూతమ్మ చెంపలు వేసుకున్నంత పని చేసింది. "కొత్త బియ్యం. జర మాఫ్ చెయ్యమను సారును. పాతయి ఉండంగ ఇదే వండింది."

"బాగుందంటుండు. వనపర్తిల గిట్లాంటిది దొరకలేదంట."

రూతమ్మ నమ్మలేదు.

తనాబే గిన్నె ఖాళీ చేశాడు. ఇంకోటి అడగలేదు. బూట్లు వేసుకుని కారు దగ్గర అర్చనతో చాలాసేపు మాట్లాడాడు. గీత గుమ్మంలో నిలబడింది. వాళ్ల మాటలు వినపడలేదు. అర్చన ఒకసారి తల అడ్డంగా ఊపింది. ఒకసారి ఇంటి వైపు చూపించింది.

తర్వాత అర్చన ఒక్కతే వెనక్కి వచ్చింది.

"గీతా, వంటకు నువ్వు ఖాయం. పచ్చి చాప వారానికి ఒకరోజే, అది గూడ నీ చేతి మీదనే. సోమవారం రా. హెల్పర్‌ను మేము సూసుకుంటం."

"ఇద్దరం అనుకున్నం గద మేడం."

"పొద్దున జరిగింది చూసినంక గూడనా? మీ అమ్మను వంటింట్ల పెడితే నా నౌకరి పోతది."

రూతమ్మ వెనక నుంచి కూతురి వీపు తట్టింది. "సరే అను. నువ్వు పో. నేను తిరుపతయ్యతోని పోత. అలవాటే గద."

గీత కదలలేదు. "మీరు పంపేటామె తప్పు చేయదా మేడం?"

"చేయొచ్చు. అయితే?"

"చేస్తే మీకు చెప్తదా? పోయిన నెల ఇద్దరు దవాఖానకు పోయినప్పుడు, చాప ఎంతసేపు బయటుందో ఎవరన్న చెప్పిండ్రా?"

ఎవరూ చెప్పలేదు. వంటాయన తెల్లారేసరికి ఫోను ఆపేసి ఊరు వదిలాడు.

"మా అమ్మ నాకు అబద్ధం చెప్పింది, కొలువు పోతదని," అంది గీత. "మీ ముందట కొలువు పోతదని తెలిసి గూడ నిజం చెప్పింది. కొర్రమట్టలు కడిగింది గూడ ఆమెనే. నాకు గట్ల రాదు. ఫ్రిజ్ తాళం నా దగ్గర పెట్టుకుంట. అది మీరు రాసుకోండ్రి."

అర్చన కారు దగ్గరికి వెళ్లింది. అద్దం దించి తనాబే విన్నాడు. అతను ఒక వేలు చూపించాడు.

"ఒక నెల," అని అక్కడి నుంచే అరిచింది అర్చన. "ఇద్దరూ. నెలయినంక సారు మల్ల చూస్తడు. ఏదన్న జరిగితే ఇద్దరూ పోవుడే, నీ ఒక్కదానికి గూడ ఉండదు. ఆలోచించుకో."

"వస్తం మేడం."

కారు మలుపు తిరిగింది. రూతమ్మ కూతురి చేయి పట్టుకుంది. "పిచ్చిదానా! నీ ఒక్కదానికి ఖాయమైన పనిని నెల జేసుకున్నవ్. నెలయినంక తీసేస్తే? తిరుపతయ్య మన జాగల ఎవరినో పెట్టుకుంటడు. పుణె గూడ పోతది."

"పోతే పోని. ఫోన్ జెయ్యి."

"నువ్వే చెయ్యి."

"నీ పేరు నువ్వే కొట్టెయ్యమను అమ్మా."

రూతమ్మ ఫోను తీసుకుని గడప మీద కూర్చుంది. పొయ్యి మీద గిన్నెలో పాకం మాడి అంటుకుపోయి ఉంది. రాములమ్మ గోడ మీదుగా, "నాకొక్క గిన్నె ఉంచిండ్రా, అంత జపానోళ్లకే పెట్టిండ్రా?" అని అడిగింది. గీత మూడో గిన్నె ఆమెకు అందించింది.

రూతమ్మ నంబరు నొక్కింది.

"తిరుపతయ్యా, రూతమ్మను. సోమవారం మేం వస్తలేం... ఇద్దరం... ఆఁ, వనపర్తిల పని దొరికింది." అవతల అతను ఏదో గట్టిగా అరిచాడు. ఆమె ఫోను చెవికి దూరంగా పెట్టుకుని, మళ్లీ దగ్గరికి తెచ్చుకుంది. "ఎన్ని దినాలనో తెల్వదు. ముందుగాల నెల అన్నరు. నా జాగల ఇంకెవరినన్న పెట్టుకో."

ఫోను పెట్టేసి, మాడిన పాకం గిన్నె తీసుకుని తోమడానికి పెరట్లోకి వెళ్లింది.